లిస్బన్ నుంచి హెల్సింకీకి పన్నెండు నిమిషాలు

లిస్బన్‌కీ హెల్సింకీకీ మధ్య మూడు వేల మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒకటి ఐరోపాకి ఈ చివర, సముద్రం ఒడ్డున. రెండోది ఆ చివర, మంచులో. వెనకటికి విమానం ఎక్కితే ఐదు గంటలకి కాస్త తక్కువ పట్టేది. హేమనళినీ, ఆమెతోపాటు మరో నలభైమంది శాస్త్రవేత్తలూ పదకొండేళ్లు తలలు బద్దలుకొట్టుకున్నాక ఇప్పుడు పన్నెండు నిమిషాలు పడుతోంది.

దానికి లోకమంతా పెట్టుకున్న పేర్లు ఏవేవో ఉన్నాయి గానీ, ఇంట్లో మాత్రం మడతదారి అనేవాళ్లు. దారి తెరిచిన రోజున టీవీవాళ్లు వచ్చి, మా బోటివాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి అంటే, నళిని చీరాల నేతగాడి కూతురిలాగే చెప్పింది. ఐదున్నర గజాల చీర నేలమీద పరిస్తే చీమ ఈ కొసనుంచి ఆ కొసకి పోవడానికి పూటంతా పడుతుంది, అదే కుచ్చిళ్లు పోసి పట్టుకుంటే రెండు కొసలూ గుప్పిట్లో ఉంటాయి, మేము ఆకాశానికి కుచ్చిళ్లు పోశాం, అంతే అంది. ఆ ముక్క నాలుగు దేశాల పేపర్లలో వచ్చింది. బట్ట ఎక్కడికీ పోదు కదా, ఆ మడతల్లోనే ఉంటుంది కదా అని ఒక్క విలేఖరీ అడగలేదు. నళినికీ తోచలేదు.

ఆ దారి వల్ల అందరికంటే ఎక్కువ మేలు జరిగింది తన అక్కకేనని ఆమె నమ్మకం. అక్క పేరు భ్రమరాంబ. బావ మార్కండేయులు హెల్సింకీ ఓడరేవులో క్రేన్ల ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. తల్లి పోయాక నళినికి జడవేసింది, చదివించింది, పరీక్షల రోజుల్లో పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది అక్కే. అలాంటి అక్కకి కాలేయంలో గడ్డ తేలింది. నయం కాదన్నారు, కిరణాల వైద్యం చేస్తే కొంతకాలం నెట్టుకురావచ్చన్నారు. ఆ వైద్యం లిస్బన్‌లో ఉంది, వారానికి రెండుసార్లు చెయ్యాలి. మామూలుగా అయితే కుదిరే పనే కాదు. మడతదారి ఉంది కాబట్టి సోమవారం పొద్దున్న బావతో కలిసి వచ్చి సాయంత్రానికి తిరిగిపోవడం, మళ్లీ గురువారం రావడం. ఏడాది దాటి ఇదే వరస.

ఆ గురువారం ఆసుపత్రినుంచి ఆ ఊళ్లోనే ఉన్న చెల్లెలి ఇంటికొచ్చి అక్క సోఫాలో వాలింది. కిరణాలకి నోరంతా పూసి, పెరుగన్నం తప్ప మరేదీ దిగడం లేదు. ఫిన్లాండు కొట్లలో పెరుగు ఆమెకి పెరుగే కాదు. అందుకే నళిని ప్రతిసారీ ముందురోజు రాత్రి తోడుపెట్టి క్యాన్‌లో పోసి ఇచ్చేది. ఈసారి మర్చిపోయింది.

"అయ్యో అక్కా, పెరుగు తోడెయ్యలా," అంది ఫ్రిజ్ తలుపు పట్టుకుని.

"ఆకాశాన్ని మడిచిందంట, పాలు తోడెయ్యటం మర్చిపోయిందంట," అంది అక్క కళ్లు మూసుకునే. "అమ్మ ఉంటే చెప్పేది నీ పని."

"ఇప్పుడు పాలు కాచి తోడేసిస్తాలే. ఇంటికెళ్లాక హీటరు పక్కన పెట్టు బావా, రాత్రికి తోడుకుంటయ్."

"పెడతాలే అమ్మాయ్," అన్నాడు బావ. పొద్దునే నున్నగా గీసుకున్న గడ్డం అప్పటికే మాసి ఉంది. మడతదారిలో వచ్చినవాళ్లకి గడ్డం త్వరగా పెరుగుతుందనీ, దిగగానే నకనకలాడే ఆకలి వేస్తుందనీ అందరికీ తెలుసు. దాన్ని మడత ఆకలి అనేవాళ్లు. రెండు విమానాశ్రయాల్లోనూ తిండికొట్లవాళ్లు ఆ ఆకలి పేరు చెప్పుకుని మేడలు కట్టారు.

మడతదారిలో పోయే విమానం దగ్గర ఇనేస్ అనే అమ్మాయి అక్క చెయ్యి పట్టుకుని ఎక్కించేది. రోజుకి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగే పరిచారిక. అక్క ఆమెకోసం చేగోడీల పొట్లం తేకుండా ఎప్పుడూ రాలేదు. ఎంత తిన్నా ఆ పిల్ల చిక్కిపోతోందని అక్క దిగులు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు, అయినా ఆడవాళ్ల కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లు. విమానం లేచి మడతలోకి దూరగానే అందరికీ కళ్లు మసకబారి మూతపడతాయి. మళ్లీ కళ్లు తెరిచేసరికి కింద రెండో ఊరు ఉంటుంది.

ఇంటికి చేరగానే బావ ఫోన్ చేశాడు. గొంతులో నవ్వు.

"ఏం తోడేశావమ్మాయ్? విమానం దిగేసరికే గడ్డపెరుగు. మీ అక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పులిసిపోయిందంటంది. నీ చేతి మహిమా, మడత మహిమా?"

నళిని కూడా నవ్వింది. ఫోన్ పెట్టేశాక గిన్నెలో మిగిలిన పాలు చూసింది. అదే పాలు, అదే తోడు. ఇంకా పల్చగా పాలలాగే ఉన్నాయి. గోడ గడియారం చూసి, వాళ్లిద్దరూ బయల్దేరి ఎంతసేపయిందో వేళ్లమీద లెక్కపెట్టింది.

మర్నాడు ప్రయోగశాలలో తలుపేసుకుని నాలుగు గిన్నెల్లో పాలు తోడుపెట్టింది. రెండు తన బల్లమీద ఉంచింది. రెండింటిని ఇనేస్ చేతికిచ్చి, వెళ్లి వచ్చే విమానంలో పెట్టించింది. తిరిగివచ్చిన గిన్నెల్లో పెరుగు నీరు వదిలి పులిసి ఉంది. బల్లమీదివి అప్పుడప్పుడే తోడుకోవడం మొదలుపెట్టాయి.

ఇలాంటిది ముందే ఎందుకు పట్టుబడలేదంటే, పట్టుబడింది. తొలినాటి పరీక్షల్లో పంపిన ప్రతి గడియారమూ ఏడు గంటలు ముందుకి జరిగి వచ్చేది. లెక్కేమో పన్నెండు నిమిషాలు అంటోంది. పదకొండేళ్లు ఆ లెక్కతో కాపురం చేసిన మనుషులు లెక్కనే నమ్మారు. మడతలో గడియారాలు చెడిపోతున్నాయి అనుకుని, బయటికి రాగానే నేలమీది సమయానికి వాటంతటవే సర్దుకునే ఏర్పాటు చేశారు. కీ ఇచ్చే గడియారమూ, బ్యాటరీ గడియారమూ, అణు గడియారమూ మూడూ ఒక్కలాగే ఎలా చెడిపోతాయని ఆ నలభైమందిలో ఒక్కరికీ సందేహం రాలేదు. తెలివితక్కువై కాదు. ఆ సందేహం వస్తే పదకొండేళ్లూ గాలికి పోతాయి, అందుకని రాలేదు. గడియారాన్ని దిద్దారు గానీ పాలని దిద్దడం ఎవరి తరమూ కాలేదు.

లోకానికి పన్నెండు నిమిషాలు, లోపలి మనిషికి ఏడు గంటలు. మనసుకి తెలియకుండా ఒళ్లు మాత్రం ఆ మడతలన్నీ కొసనుంచి కొసకి నడిచి వస్తోంది. ఇంతా చేసి పాత విమానంలో ఐదు గంటలే పట్టేది. మనిషికి కలిసొచ్చింది ఒక్క నిమిషం కూడా లేదు.

నళిని అక్క ప్రయాణాలు లెక్కవేసింది. వేసి, మళ్లీ వేసింది. రెండు నెలల పైమాటే. కిరణాల వైద్యం వల్ల పెరిగే ఆయుష్షు ఇంచుమించు అంతే ఉంటుందని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. అంటే ఆసుపత్రి ఒక చేత్తో ఇచ్చింది, తన దారి రెండో చేత్తో లాగేసుకుంది. ఆ మధ్యాహ్నం నళిని భోజనానికి లేవలేదు, ఏడవనూ లేదు. ఆ అంకె వంక చూస్తూ కూర్చుంది.

బావకి ముందు ఫోన్‌లో చెప్పింది.

"అక్కకి చెప్పమాకమ్మా," అన్నాడు ఆయన. "ఈ ప్రయాణాలు చూసుకునే బతుకుతా ఉంది. ఇంకో నాలుగుసార్లు పోయొస్తే పోయిందేముంది? తెలిస్తే రేపే కుంగిపోద్ది."

"నాలుగుసార్లు అంటే రెండు రోజులు పైన బావా. ఆ రెండు రోజులు మనవి కావు, అక్కవి."

హెల్సింకీకి ఆమె మామూలు విమానంలో బయల్దేరింది. నేరుగా పోయేవి లేవు. పన్నెండు నిమిషాల దారి పక్కనుండగా ఐదు గంటల విమానం ఎవరెక్కుతారని అవన్నీ ఎత్తేశారు. మధ్యలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, గంటల తరబడి కూర్చుని, మరోటి ఎక్కాలి. తెల్లారి బయల్దేరితే సాయంత్రానికి చేరింది. వాకిట్లో చెల్లెల్ని చూసి, ఆమె మొహం చూసి, అక్క లోపలికి రమ్మని అనడం కూడా మర్చిపోయింది.

"ఏందే అట్టున్నావు? నాకంటే నువ్వే జబ్బుదానిలా ఉన్నావు."

నళిని వంటింటి బల్ల దగ్గర కూర్చుని అంతా చెప్పింది. మెత్తగా చెప్పాలని దారంతా మాటలు పేర్చుకుంది గానీ, తీరా నోరు తెరిస్తే అంకె ఒక్కటే బయటికొచ్చింది. బావ కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు.

అక్క బల్లమీది గుడ్డ అంచు వేళ్లతో మడిచింది, విప్పింది.

"పట్టుచీర ఒకే మడత మీద ఉంచితే ఆ మడత దగ్గరే చీలుద్ది," అంది. "నెలకోసారి తీసి మడత మార్చి పెట్టాల. మనింట్లో చిన్నపిల్లకి కూడా తెలుసు గదే ఆ సంగతి."

"తోచలేదక్కా."

"సరే, నా నెలలంటే ఎట్టాగూ పొయ్యేయే. మీ బావవి ఎందుకు పోవాల? ఏమొచ్చిందని ఈయన నా పక్కన కూర్చుని రెండు నెలలు పారేసుకున్నాడు?" ఆమె గొంతు పెరిగింది. ఇంత జబ్బులోనూ ఆమె అరవడం నళిని వినలేదు. "చెప్పవేం? ఆయనకేం రోగం?"

"నేను పారేసుకోలా," అన్నాడు బావ ఇటు తిరక్కుండానే. "నీ పక్కనేగా కూర్చుంది."

అక్క కళ్లు తుడుచుకుని, ఇంకేదో గుర్తొచ్చినట్టు తలెత్తింది.

"మరి ఆ పిల్ల? ఇనేసు?"

నళిని తల దించుకుంది.

"రోజుకి నాలుగుసార్లు పోయొచ్చుద్దే ఆ పిల్ల! నెలసరి పన్నెండు రోజులకే వస్తందని నాతో చెప్పుకుని ఏడ్చింది. డాక్టర్లేమో నిద్ర సరిగ్గా లేకనంటున్నారంట. ఇరవై ఆరేళ్లే దానికి. దానికి చెప్పారా?"

"ఇంకా లేదు. కంపెనీ డైరెక్టరు దువార్త్ ఇంకో ఆరు నెలలు పరీక్షలు చేద్దాం, అప్పటిదాకా బయటపెట్టొద్దు అంటున్నాడు. గిన్నెడు పెరుగు చూసి దారి మూసేస్తారా అంటున్నాడు. మూసే అధికారం నాకుంది. కానీ మూస్తే..." నళిని ఆగింది. "మూస్తే నీ వైద్యం ఆగిపోద్దక్కా. మామూలు విమానాలు మారుకుంటా రోజంతా నువ్వు రాలేవు. నీకేదన్నా అయితే నేను కూడా వెంటనే రాలేను."

అక్క ఆమె చెయ్యి మీద చెయ్యి వేసింది. ఆ చేతిలో బరువే లేదు.

"మూసెయ్," అంది.

నళిని మూసేసింది. ఇనేస్‌నీ మిగతా సిబ్బందినీ కూర్చోబెట్టి తనే చెప్పింది. ఇనేస్ అరవలేదు. నాకిప్పుడు ఎన్నేళ్లు అని మాత్రం అడిగింది. నళిని కాగితం తీసి లెక్క వెయ్యబోతే, ఆ పిల్లే లేచి బయటికి వెళ్లిపోయింది.

పేపర్లు తిట్టాయి. వ్యాపారులు తిట్టారు. అటుచివరా ఇటుచివరా కాపురాలు పెట్టుకున్న భార్యాభర్తలు తిట్టారు. మాకు తెలిసే ఇస్తాం ఆ ఏడు గంటలు, మధ్యలో నువ్వెవరు అన్నవాళ్లూ ఉన్నారు. దారి మూయడం సబబా కాదా అని తేల్చే విచారణ మొదలయ్యేదాకా నళిని హెల్సింకీలోనే అక్క దగ్గర ఉంది. వంట చేసింది, ఒళ్లు పట్టింది, పాతకాలపు చీరాల కబుర్లు విన్నది. ఎండ బాగున్న రోజుల్లో ముగ్గురూ ఓడరేవు దాకా నడిచి, బావ నిలబెట్టిన క్రేన్లని చూసి వచ్చేవాళ్లు. కొన్ని వారాలకి విచారణకి రమ్మని కబురొస్తే తప్పక లిస్బన్‌కి తిరిగి వచ్చింది.

విచారణ మధ్యలో ఉండగా, పొద్దున్నే బావ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, డాక్టరు ఇవాళ అంటన్నాడు. సాయంత్రం దాకా ఉంటే గొప్ప అంటన్నాడు. బయల్దేరు."

ఆమె పెట్టెలో రెండు బట్టలు కుక్కుతుండగా దువార్త్ తలుపు తట్టాడు. వార్త ఆయనకెలా తెలిసిందో అడిగే ఓపిక ఆమెకి లేదు. ముసలివాడవుతున్న మనిషి. ఆయన కూడా ఆ దారికోసం పదకొండేళ్లు ధారపోసినవాడే.

"విమానం సిద్ధంగా ఉంది," అన్నాడు. "పైలట్లు ఇద్దరూ ఇష్టపడే వస్తున్నారు. వాళ్లకి అంతా తెలుసు. ఇనేస్ కూడా వస్తానంది. దారి తెరిచే తాళం నీ దగ్గరుంది. పన్నెండు నిమిషాల్లో హెల్సింకీ, గంటలోపు మీ అక్క మంచం పక్కన ఉంటావు."

నళిని పెట్టె మూత మీద చేతులు ఆనించి నిలబడిపోయింది. ఏడు గంటలేం ఖర్మ, అక్క చెయ్యి ఒక్కసారి పట్టుకోవడానికి ఏడేళ్లిచ్చినా తక్కువే.

"రేపు విచారణలో ఏం చెబుతారు?" అని అడిగింది.

దువార్త్ అబద్ధం చెప్పే మనిషి కాదు. "నీకు అవసరమై నువ్వే తెరిచావని చెబుతాను," అన్నాడు. "చెప్పక తప్పదు. ప్రతి మనిషికీ ఇలాంటి రోజు ఒకటి వస్తుంది హేమనళినీ. వాళ్లకోసం కూడా తెరిచి ఉండాలి కదా ఆ దారి?"

అందులో అన్యాయం ఏమీ లేదు. అదే ఆమెని చంపింది. ప్రతి మనిషికీ ఇలాంటి రోజు వస్తుంది, ప్రతి రోజూ ఎవరికో ఒకరికి వస్తుంది, ఆ ప్రతి రోజూ రోజుకి నాలుగుసార్లు ఎవరో ఒక ఇనేస్ ఎక్కుతుంది. ఇవాళ ఇష్టపడి ఎక్కుతుంది. నెల తిరిగేసరికి ఉద్యోగం కాబట్టి ఎక్కుతుంది.

"వద్దు," అంది నళిని. అన్నాక ఆ మాట తనే అన్నదా అనిపించి భయం వేసింది.

ఫ్రాంక్‌ఫర్ట్ విమానంలో కిటికీ పక్క సీటు. కింద స్పెయిన్ ఎర్రటి నేల ఎంతకీ కదలడం లేదు. ఆ తర్వాత మబ్బులు, మబ్బుల మధ్య ఫ్రాన్సు పొలాలు. దూరం ఇంత ఉంటుందని ఆమె ఎప్పుడో మర్చిపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫోన్ చేస్తే, ఉంది, ఊపిరి ఉంది, తెలివి కూడా ఉంది అన్నాడు బావ. రెండో విమానం ఆలస్యంగా లేచింది. బాల్టిక్ సముద్రం మీదికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నీళ్లమీద ఎండ ధగధగలాడుతుంటే ఆమె దాన్ని చూడలేదు. ముందు సీటు వెనక వెలుగుతున్న చిన్న విమానం బొమ్మనే చూస్తూ, అది జరగడం లేదని పళ్లు కొరుక్కుంటూ, తను చేసిన పని తలుచుకుని తనని తాను తిట్టుకుంటూ కూర్చుంది. పన్నెండు నిమిషాలు. ఈపాటికి పొద్దుటినుంచీ అక్క దగ్గరే ఉండేది.

హెల్సింకీలో దిగి, పెట్టె ఈడ్చుకుంటూ పరుగులాంటి నడకతో బయటికొచ్చింది. ఎదురుగా జనంలో బావ నిలబడి ఉన్నాడు.

బావ అక్క పక్కన ఉండాలి. ఇక్కడ ఉండకూడదు.

ఆమె అక్కడే ఆగిపోయింది. వెనకనుంచి వస్తున్నవాళ్లు పక్కలకి తప్పుకుంటూ పోయారు. బావే నడిచి వచ్చి, ఆమె చేతిలోంచి పెట్టె తీసుకున్నాడు.

"గంటైందమ్మా," అన్నాడు.

నళిని ఏడుపు అక్కడున్నవాళ్లందరికీ వినిపించింది. ఆమె పట్టించుకోలేదు. బావ భుజం మీద తలపెట్టి, నేనే చేజేతులా చేసుకున్నాను బావా, విమానం పెడతామన్నారు బావా, నేనే వద్దన్నాను అంటూ చిన్నపిల్లలాగా ఏడ్చింది. ఆయన ఆమె తల నిమురుతూ, ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చాడు.

"పొద్దున నువ్వు బయల్దేరావని చెప్పంగానే, ఏ దారిన వస్తంది అని అడిగింది," అన్నాడు తర్వాత. "మామూలు విమానంలో అన్నాను. అయితే సరే అంది. ఇంక అప్పట్నుంచీ ఒకటే అడగటం, చెల్లి ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడిదాకా వచ్చింది అని. నేను ఫోన్‌లో బొమ్మ చూసి చెప్తా ఉన్నా. స్పెయిను దాటిందన్నా. పారిస్ మీదుందన్నా. పారిస్ బాగుంటదా అంది. జర్మనీలో దిగిందన్నా, ఏవన్నా తిందో లేదో అంది. మందులు కూడా మర్చిపోయింది. ఎన్ని నెలలైందో మీ అక్క అట్టా మాట్లాడి. నీతోపాటే వస్తన్నట్టు ఉంది మనిషి."

"చివరికి?"

"సముద్రం మీదుంది, ఇంకెంత, వచ్చేసినట్టే అన్నాను." ఆయన జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "రానీలే, తొందరేముంది అంది. ఆ తర్వాత మళ్లీ అడగలా."

ఆ సముద్రం మీదే తను ఎండని చూడకుండా, విమానాన్ని తిట్టుకుంటూ కూర్చుందని నళినికి గుర్తొచ్చింది. అక్కేమో ఆ నీళ్లన్నీ తనతోపాటు దాటుతూ ఉంది. తను చేసింది ఒప్పో తప్పో ఆమెకి అప్పుడు తేలలేదు, ఆ తర్వాత ఏళ్లకి కూడా తేలలేదు.

"పద బావా, అక్క దగ్గరికి పోదాం," అంది.

ఆయన పెట్టె పట్టుకున్నాడు, ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. విమానాశ్రయం నుంచి ఇంటికి అరగంట దారి. కారెక్కి కూర్చున్నాక, కదలబోయే ముందు నళిని ఆయన్ని ఆపి, మొదటినుంచీ మళ్లీ చెప్పమంది. స్పెయిను దాటినప్పుడు అక్క ఏమంది, పారిస్ మీద ఉన్నప్పుడు ఏమంది, ఒక్క మాట కూడా వదలకుండా చెప్పమంది.

"మెల్లిగా పోనీ బావా," అంది.